మట్టి లేని పెరడు: నీటితోను, చేపలతోను ఇంటికూరల పెంపకము

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. వ్యవసాయము)

ఇంటి వెనుక రెండు సెంట్ల పెరడు, ఒక బావి, తోడిన నీరు పారిన చోట నాలుగు కూరపాదులు — ఇది మన పల్లెలలో అనాదిగా వచ్చుచున్న ఏర్పాటు. అట్టి పెరడు ఉన్నవారికి ఈ వ్యాసముతో పని స్వల్పము. కాని పెరడు లేనివారు నేడు అనేకులు కలరు. పట్టణములలో మేడలపై అద్దెకున్నవారికి నేల లేదు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు సముద్రతీర గ్రామములు పెక్కింటిలో నేల చౌడు, బావినీరు ఉప్పన. తెలంగాణమున రాతినేలపై కట్టిన ఇండ్లకు బెత్తెడు మన్నైనను దొరకదు. ఇట్టివారు తోటకూర కట్టకు కూడ బజారు మీదనే ఆధారపడవలసి వచ్చుచున్నది.

వీరికి ఉపయోగపడు పద్ధతులు రెండు కలవు. పోషక లవణములు కలిపిన నీటిలో వేళ్ళు ఉంచి మొక్కలను పెంచుట మొదటిది. దీనిని హైడ్రోపోనిక్స్ అందురు. మనము నీటిసేద్యము అనవచ్చును. చేపల తొట్టిలోని నీటిని మొక్కలకు పారించి, మొక్కలు శుభ్రపరచిన నీటిని తిరిగి చేపలకు చేర్చుట రెండవది. దీనికి ఆక్వాపోనిక్స్ అని పేరు. మనము మీనసేద్యము అందము.

ఈ పేర్లు ఇప్పుడు ప్రతి గ్రామమునకు చేరినవి. సెల్‌ఫోనులలో చిత్రములు చూచి, మా వద్దకు వచ్చి ప్రశ్నించు రైతులు పెరుగుచున్నారు. "మట్టి లేకున్నను పదింతల పంట" అని చెప్పి గొట్టములు, మోటార్లు, ద్రావణపు సీసాలు అమ్మువారును బయలుదేరినారు. అప్పు చేసి అట్టి సామగ్రి కొని, వేసవిలో మొక్కలు మాడిపోగా గొట్టములను అటకపై పడవేసినవారును కలరు. కావున ముందుగా చెప్పవలసిన మాట ఇది: ఈ విద్యను ఒక్క బకెట్టుతో నేర్వవచ్చును. ఆ బకెట్టులో రెండు పంటలు తీసిన పిమ్మట గాని, రెండవ వస్తువునకై డబ్బు వెచ్చింపరాదు.

మొక్కకు మట్టి ఏమి చేయుచున్నది?

పుదీన కాడను గ్లాసెడు నీటిలో ఉంచిన కొలదిరోజులలో వేళ్ళు దిగుట అందరును చూచినదే. అనగా వేరు పుట్టుటకు మట్టి అవసరము లేదు. అయితే ఆ గ్లాసులోనే ఉంచినచో నెల తిరుగునప్పటికి ఆకులు పాలిపోవును. ఎందువలన? నీటిలో ఆహారము లేదు.

మట్టి మొక్కకు అయిదు పనులు చేయుచున్నది. మొక్కను పడిపోకుండ నిలుపును. నీటిని దాచియుంచును. మట్టిరేణువుల సందులలో వేళ్ళకు గాలి అందజేయును. నత్రజని, భాస్వరము, పొటాషియము, కాల్షియము, మెగ్నీషియము మొదలగు లవణములను ఇచ్చును. అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఎరువు ఒక పిడికెడు ఎక్కువైనను, నీరు ఒకనాడు తక్కువైనను ఆ లోపమును తనలో ఇముడ్చుకొనును. నేల తల్లివంటిది, బిడ్డల పొరపాట్లను కడుపులో పెట్టుకొనును. బకెట్టు అట్లు కాదు. మొదటి నాలుగు పనులను మనము బకెట్టులో చేయవచ్చును. అయిదవ దానికి బదులు మన జాగ్రత్త మాత్రమే కలదు.

ఇది క్రొత్తగా కనిపెట్టిన వింత కాదు. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు సాక్స్, క్నాప్ అనువారు 1860 ప్రాంతముననే మట్టి లేకుండ లవణజలములో మొక్కలను పెంచి, మొక్కకు ఏయే లవణములు కావలెనో తేల్చిరి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన గెరిక్ 1930 దశాబ్దములో ఈ పద్ధతిని ప్రయోగశాల నుండి పంటతొట్టెలలోనికి తెచ్చెను. మన దేశమున షోల్టో డగ్లస్ అను ఆంగ్లేయుడు 1946 ప్రాంతమున బెంగాలులోని కాలింపాంగ్‌లో ప్రయోగములు జరిపి, తక్కువ ఖర్చుతో సామాన్యులు చేయదగిన విధానమును రూపొందించెను. అది "బెంగాల్ పద్ధతి" అను పేర 1951లో గ్రంథముగా వెలువడినది.

ఇచట రైతులు గుర్తుంచుకొనవలసిన విషయము ఇంకొకటి కలదు. కాలిఫోర్నియాలోనే హోగ్లండ్, ఆర్నన్ అను శాస్త్రజ్ఞులు నీటిని, మంచి మట్టిని ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించి 1938లో తమ నిర్ణయమును ప్రకటించిరి. ఒకే ఎండ, ఒకే వాతావరణము, సమమైన పోషణ ఉన్నప్పుడు నీటిలో పెరిగిన మొక్క మంచి నేలలో పెరిగిన మొక్కను మించి కాయదని వారు తేల్చిరి. కావున సారవంతమైన నేల ఉన్నవారు విత్తనమును నేలలోనే వేయవలెను. నీటిసేద్యము నేల లేనివారికి, నేల చెడినవారికి, నీరు బహు పొదుపుగా వాడవలసినవారికి ఉద్దేశింపబడినది.

మొదటి మెట్టు: మోటారు లేని బకెట్టు

హవాయి విశ్వవిద్యాలయమునకు చెందిన క్రాట్కీ అను శాస్త్రజ్ఞుడు ప్రచారములోనికి తెచ్చిన ఈ పద్ధతికి కరెంటు అవసరము లేదు, గొట్టములు లేవు, నీటిని త్రిప్పు పని లేదు.

కావలసిన వస్తువులు: మూతగల 20 లీటర్ల ప్లాస్టికు బకెట్టు ఒకటి, పెరుగు కప్పులు లేక టీ కప్పులు నాలుగు, కడిగిన కొబ్బరిపొట్టు కొంచెము, తెల్లరంగు, నల్లరంగు కొద్దిగా. బకెట్టు తినుబండారములు నిలువయుంచినదైన మేలు. పురుగుమందులు, కలుపుమందులు ఉంచిన డబ్బాలను ఎన్నిసార్లు కడిగినను ఈ పనికి వాడరాదు. ప్లాస్టికులో ఇంకిన విషము నీటిలోనికి, నీటినుండి కూరలోనికి వచ్చును.

బకెట్టు వెలుపల ముందు నల్లరంగు, దానిపై తెల్లరంగు వేయవలెను. నలుపు వెలుతురును ఆపును. వెలుతురు సోకిన నీటిలో పాచి పట్టి మొక్కల ఆహారమును తినివేయును. తెలుపు ఎండను త్రిప్పికొట్టి నీటిని చల్లగా ఉంచును. మూతకు కప్పు అంచు ఆనునట్లు నాలుగు రంధ్రములు చేయవలెను. కప్పుల అడుగున, ప్రక్కల కాల్చిన మేకుతో అనేక రంధ్రములు పొడువవలెను.

కొబ్బరిపొట్టును రెండుమూడు పర్యాయములు మంచినీటితో కడిగి, ఉప్పు పోయిన తరువాత కప్పులలో నింపి విత్తనములు వేయవలెను. 12 నుండి 15 దినములలో నారు రెండుమూడు ఆకులు తొడిగి, వేళ్ళు కప్పు రంధ్రముల నుండి వెలికి వచ్చును. అప్పుడు బకెట్టును పోషక ద్రావణముతో నింపి కప్పులను మూతలో దింపవలెను. కప్పు అడుగు ఒక వ్రేలి వెడల్పు మాత్రమే ద్రావణములో మునుగవలెను.

ఇకమీదట ఈ పద్ధతిలోని కీలకము వచ్చుచున్నది. మొక్క నీరు త్రాగినకొలది మట్టము దిగును. నీటికిని మూతకును నడుమ ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీలోని వేళ్ళు గాలిని పీల్చును. క్రిందివేళ్ళు నీటిని, లవణములను గ్రహించును. దీనిని తెలియక, "నీరు తగ్గినది" అని బకెట్టును మరల అంచువరకు నింపువారు చాలమంది కలరు. గాలికి అలవాటుపడిన వేళ్ళు మునిగి, ఊపిరాడక, రెండుమూడు దినములలో మొక్క వడలిపోవును. నీరు పోయవలసి వచ్చినచో బయటపడిన వేళ్ళలో సగము పొడవైనను గాలిలో మిగులునట్లు చూచి పోయవలెను. వాన నీరు మూతలోనుండి దిగినను ఇదే నష్టము కలుగును. అందువలన వానకాలమున బకెట్టును చూరు క్రింద ఉంచవలెను.

ఆకుకూర మొక్క ఒకటికి పంటకాలమంతటికి 4, 5 లీటర్ల ద్రావణము చాలును. కావున 20 లీటర్ల బకెట్టుకు నాలుగు మొక్కలు సరిపోవును. టమాటా, వంగ వంటి వానికి మొక్క ఒకటికి ఒక బకెట్టు కావలెను. మధ్యలో ద్రావణము చేర్చుచుండవలెను.

పోషక ద్రావణము ఇంటిలోనే చేయుట

బజారులో అమ్ము ద్రావణపు సీసాలు ఖరీదైనవి. బిందుసేద్యమునకు, ఆకులపై పిచికారికి వాడు నీటిలో కరుగు ఎరువులు ఎరువుల దుకాణములలో దొరకును. వానితో ఈ క్రింది విధముగా రెండు సీసాలు తయారుచేసికొనవచ్చును.

"అ" సీసా — 1 లీటరు నీటిలో:
కాల్షియము నైట్రేటు 140 గ్రాములు
ఇనుము చీలేటు (12 శాతము) 4 గ్రాములు

"ఆ" సీసా — 1 లీటరు నీటిలో:
పొటాషియము నైట్రేటు (13-0-45) 60 గ్రాములు
మోనో పొటాషియము ఫాస్ఫేటు (0-52-34) 40 గ్రాములు
మెగ్నీషియము సల్ఫేటు 80 గ్రాములు
సూక్ష్మపోషక మిశ్రమము 2 గ్రాములు

20 లీటర్ల నీటికి "అ" సీసా నుండి 100 మిల్లీలీటర్లు పోసి బాగుగా కలియబెట్టి, పిమ్మట "ఆ" సీసా నుండి 100 మిల్లీలీటర్లు పోసి కలియబెట్టవలెను. లీటరు సీసాల జత ఒకటి పది బకెట్లకు వచ్చును. ఇట్లు కలిపిన లీటరు నీటిలో రమారమి 150 మిల్లీగ్రాముల నత్రజని, 45 భాస్వరము, 170 పొటాషియము, 130 కాల్షియము, 38 మెగ్నీషియము ఉండును. ఆకుకూరలకు ఇది సరియగు పాళము. గ్రాములను కిరాణా తక్కెడలో తూచుట సాధ్యము కాదు. కంసాలి వద్ద గల చిన్న త్రాసువంటిది వాడవలెను.

రెండు సీసాలు ఎందుకని కొందరు ప్రశ్నింతురు. చిక్కని కాల్షియము నైట్రేటును సల్ఫేటుతో కలిపిన జిప్సము, ఫాస్ఫేటుతో కలిపిన కాల్షియము ఫాస్ఫేటు ఏర్పడి తెల్లని మడ్డిగా అడుగున పేరుకొనును. ఆ మడ్డిని వేరు గ్రహింపజాలదు. నీటిలో పలుచబడిన పిమ్మట ఈ బాధ లేదు. కావున రెండు సీసాలను నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడును పోయరాదు. సీసాలపై పేరు వ్రాసి, చీకటిచోట, పిల్లలకు అందకుండ ఉంచవలెను.

యూరియా, డి.ఏ.పి. కరిగించి పోయరాదా అని అడుగువారు కలరు. నేలలో యూరియాను సూక్ష్మజీవులు మార్చి మొక్కకు అందించును. బకెట్టులో ఆ సూక్ష్మజీవుల బలగము లేదు. అందువలన యూరియా వ్యర్థమై వేళ్ళకు హాని కూడ కలుగవచ్చును. అట్లే జీవామృతము, పేడనీరు నేలకు మంచివే. నిలువయున్న బకెట్టు నీటిలో పోసిన కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించి, వేళ్ళను చంపును.

నీటి గుణము

ఈ సేద్యమున నీరే నేల. నేలను పరీక్షించినట్లే నీటిని ముందుగా పరీక్షింపవలెను. వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రములలో నీటిని కూడ పరీక్షింతురు. ఉప్పుదనమును తెలుపు ఇ.సి. అను అంకె 0.75కు లోబడియున్న నీరు ఉత్తమము. 2 దాటిన నీటిని వాడరాదు. అట్టి ఊళ్ళలో కప్పునుండి జారిన వాననీటిని పట్టి నిలువచేసికొనుట మంచి ఉపాయము. మొదటి వాన దుమ్మును కడిగిన తరువాత నీటిని పట్టవలెను.

రెండవది పి.హెచ్., అనగా పులుపు-క్షార గుణము. ఇది 5.5 నుండి 6.5 వరకు ఉండవలెను. మన బోరునీరు పెక్కుచోట్ల క్షారముగా ఉండును. పి.హెచ్. 7.5 దాటినప్పుడు ఇనుము ఉన్నను మొక్కకు అందదు. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగత భాగము పసుపుబారును. రంగు కాగితముతో పరీక్షించి, మిక్కిలి పలుచజేసిన ఫాస్ఫారిక్ ఆమ్లమును చుక్కచుక్కగా కలిపి సరిచేయవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు. నిమ్మరసము కూడ పనిచేయును గాని దాని ప్రభావము కొద్దిదినములలో తగ్గిపోవును.

మన ఎండలు

చల్లని దేశముల చిత్రములు చూచి మన మేడపై అట్లే చేయబూనుట నష్టమునకు ముఖ్యకారణము. నీరు వేడెక్కినకొలది దానిలో ఇముడు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములు ఇమిడినచో 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే ఇముడును. అదే సమయమున వేళ్ళకు గాలి ఎక్కువ కావలసియుండును. ఆ వేడిలో వేరుకుళ్ళు తెగులు కూడ విజృంభించును. తెల్లని వేళ్ళు గోధుమరంగుకు మారి, జిగటగా, దుర్వాసనతో ఉన్న యెడల అది వేరుకుళ్ళు అని తెలిసికొనవలెను.

కావున మొదటి పంటను కార్తీకమాసమున ప్రారంభించి మాఘమునాటికి పూర్తిచేయుట శ్రేయస్కరము. వేసవిలో పెంచువారు 50 శాతము నీడనిచ్చు వల కట్టి, బకెట్టును సగమువరకు మట్టిలోనో ఇసుకలోనో పాతి, చుట్టును తడిగోనె కప్పవలెను. అయితే నీడ మితిమీరరాదు. దినమునకు అయిదారు గంటల ఎండ తగులని మొక్క సన్నగా సాగి పనికిరాకుండ పోవును.

కప్పునకు, మూతకు నడుమ సందులను దోమతెర గుడ్డతో మూయవలెను. మూయని బకెట్టు డెంగీ దోమకు పుట్టినిల్లు. ఇంటిల్లిపాదికి జ్వరము తెచ్చు పెరడు మనకు అక్కరలేదు.

ఏ కూరలు అనుకూలము?

తీగబచ్చలి, తూటికూర, పుదీన సులభముగా పెరుగును. క్రొత్తవారు వీనితో ప్రారంభింపవలెను. పుదీన, బచ్చలి కాడలతోనే వచ్చును. విత్తనపు ఖర్చు లేదు. తోటకూర, పాలకూర, కొత్తిమీర తరువాతవి. పాలకూర, కొత్తిమీర చలికాలమున మాత్రమే బాగుగా వచ్చును. ముల్లంగి, క్యారెట్టు వంటి దుంపజాతులకు ఈ బకెట్టు అనుకూలము కాదు. వరి, జొన్న, పప్పుధాన్యములను ఇట్లు పెంచి లాభము పొందుట అసాధ్యము.

పంట ముగిసిన తరువాత మిగిలిన ద్రావణమును కాలువలో గాని చెరువులో గాని పోయక, కొబ్బరి, అరటి మొదళ్ళలో పోయవలెను. బకెట్టును సబ్బుతో కడిగి ఎండలో ఆరనిచ్చి మరల వాడవలెను.

రెండవ మెట్టు: చేపలతో సేద్యము

బకెట్టులో రెండు మూడు పంటలు తీసినవారు దీనిని తలపెట్టవచ్చును. చేపల పెంపకమున ఆంధ్రప్రదేశ్ దేశమునకే మొదటి స్థానమున ఉన్నది. కొల్లేటి ప్రాంతపు రైతులకు చేపలనీటి సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. చేపల చెరువునీరు వరిచేనికి పెట్టిన పైరు పచ్చబడుట వారు ఎరుగుదురు. మీనసేద్యము ఆ సూత్రమునే తొట్టిలో అమలుపరచుట.

చేప మేత తిని మొప్పల ద్వారా అమ్మోనియాను వదలును. అది చేపకే విషము. రాళ్ళపై నివసించు ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొక జాతి నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు చేపకు అంతగా హాని చేయదు. మొక్కకు మంచి ఆహారము. అనగా ఈ తోటలో మనకు కనబడని మూడవ పాలివాడు కలడు. చేప, మొక్క కంటె ముందు అతనిని పోషింపవలెను.

తొట్టి కట్టిన మరునాడే చేపలను వదలుట వలన చేపలు చచ్చుట మిక్కిలి సాధారణముగా జరుగుచున్నది. తొట్టిని నింపి, కుళాయినీరైనచో క్లోరిన్ పోవుటకు రెండుదినములు తెరిచియుంచి, చేపలు లేకుండగనే దినమునకు చిటికెడు మేత వేయుచు నీటిని త్రిప్పవలెను. మేత కుళ్ళి అమ్మోనియా పుట్టును. అలంకార చేపల దుకాణములలో దొరకు పరీక్ష సీసాలతో వారమునకు రెండుమారులు పరీక్షింపవలెను. మొదట అమ్మోనియా పెరిగి తగ్గును. పిమ్మట నైట్రైటు పెరిగి తగ్గును. చివరకు నైట్రేటు కనిపించును. ఇందుకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అమ్మోనియా, నైట్రైటు రెండును దాదాపు శూన్యమైన దినముననే చేపపిల్లలను తేవలెను.

తొట్టి, రాళ్ళమడి

ఇంటి అవసరమునకు 500 లీటర్ల తొట్టి, దానిపై చదరపు మీటరు వైశాల్యము, 30 సెంటీమీటర్ల లోతు గల రాళ్ళమడి చాలును. మడిలో 8 నుండి 20 మిల్లీమీటర్ల నల్లరాతి కంకరను కడిగి నింపవలెను. కంకరపై నిమ్మరసము పిండిన నురుగు వచ్చినచో అది సున్నపురాయి. దానిని వాడరాదు, పి.హెచ్. పెరుగును. చిన్న మోటారు గంటకు పావుగంట చొప్పున నీటిని మడిలోనికి ఎత్తి పోయును. మడి అడుగు రంధ్రము ద్వారా నీరు మెల్లగా తొట్టిలోనికి జారును. నీరు దిగునప్పుడు రాళ్ళ సందులలోనికి గాలి వచ్చును. మడి పైభాగమున రెండు అంగుళములు ఎల్లప్పుడు పొడిగా ఉండవలెను. తొట్టిలో గాలిబుడగలు వదలు చిన్న యంత్రము రాత్రింబగళ్ళు పనిచేయవలెను.

మేడపై ఏర్పాటుచేయువారికి ఒక హెచ్చరిక. ఈ రాళ్ళమడి అర టన్ను బరువు దాటును; నిండు తొట్టి మరొక అర టన్ను. చదరపు గజము చోటులో టన్నుకు మించిన బరువును స్లాబు మధ్యన ఉంచుట ప్రమాదకరము. ఇంజనీరును అడుగక మేడపై పెట్టరాదు. నేలపై పెట్టుట అన్నివిధముల క్షేమము.

చేపలు, మేత, కరెంటు

500 లీటర్ల నీటిలో చేపల మొత్తము బరువు ఎన్నడును 10 కిలోలు మించరాదు. నేర్చుకొనువారికి 5 కిలోలే హద్దు. చదరపు మీటరు ఆకుకూరల మడికి దినమునకు 40 నుండి 50 గ్రాముల మేత నుండి వచ్చు నత్రజని సరిపోవును. 100 గ్రాముల చేపలు 30 ఉన్నచో బరువు 3 కిలోలు. అవి దినమునకు తిను మేత ఇంచుమించు అంతే. అవి పెరిగినకొలది మేత పెరుగును, మడి మాత్రము పెరుగదు. కావున పెద్దవానిని ఎప్పటికప్పుడు పట్టి వంటకు వాడుకొనవలెను. పావుగంటలో తినలేని మేతను వెంటనే వలతో తీసివేయవలెను.

ఏ చేప? పట్టణములలోను పల్లెలలోను కరెంటు పోవుట ఉన్నది. రాత్రివేళ రెండుగంటలు గాలి యంత్రము ఆగినచో కిక్కిరిసిన తొట్టిలోని శీలావతి, బొచ్చె తెల్లవారునప్పటికి తేలిపోవచ్చును. కొర్రమీను, నాటు మార్పు, గొరక చేపలు నీటిపైకి వచ్చి గాలిని పీల్చగలవు. అందువలన ఇంటి తొట్టికి ఇవి తగినవి. కొర్రమీనుతో రెండు చిక్కులు కలవు: పెద్దది చిన్నదానిని తినును, తొట్టినుండి ఎగిరి బయటపడును. ఒకే పరిమాణము గల పిల్లలను, గుళికల మేతకు అలవాటుపడినవానిని తెచ్చి, తొట్టిపై వల కట్టవలెను. తిలాపియా పెంచదలచినవారు ముందుగా మత్స్యశాఖ అనుమతి పొందవలెను. దానిని చెరువులలో, కాలువలలో వదలరాదు. ఆఫ్రికా మార్పు, అనగా థాయి మాగుర్, నిషేధింపబడియున్నది. ఎవరు చవుకగా ఇచ్చినను తీసికొనరాదు.

గాలి పీల్చు చేపలు బ్రతికినను రాళ్ళపై సూక్ష్మజీవులకు, వేళ్ళకు గాలి కావలెనని మరువరాదు. ఒక చిన్న బ్యాటరీతో నడచు గాలి యంత్రమును సిద్ధముగా ఉంచుకొనుట విజ్ఞత.

మేతలో మొక్కకు చాలినంత ఇనుము, పొటాషియము, కాల్షియము లేవు. కోడిగ్రుడ్డు పెంకులు, నత్తగుల్లలు గుడ్డసంచిలో కట్టి తొట్టిలో వేలాడదీసిన కాల్షియము మెల్లగా కరగి, పి.హెచ్. పడిపోకుండ కాపాడును. పి.హెచ్. 6 నుండి 7 వరకు ఉండుట మువ్వురికిని సమ్మతము. లేత ఆకులు పసుపుబారినప్పుడు ఇనుము చీలేటును లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము చేరునట్లు కలుపవచ్చును. 12 శాతము చీలేటైనచో 500 లీటర్లకు 8 గ్రాములు కొంచెము మించి పట్టును.

మడిలోని మొక్కలపై ఏ పురుగుమందును చల్లరాదు. వేపమందు కూడ చేపలకు హాని చేయగలదు. పేనును చేతితో నలిపివేయుట, నీటిధారతో కడుగుట, పురుగుపట్టిన ఆకును త్రుంచుట — ఇంతమాత్రమే చేయదగినది. చేపలనీరు ఆకులను తాకకుండ వేళ్ళకు మాత్రమే అందవలెను. పుదీన, కొత్తిమీర వంటి పచ్చిగా తిను ఆకులను మంచినీటితో బాగుగా కడుగవలెను.

ఆదాయ వ్యయముల సంగతి

20 వాట్ల మోటారు, 5 వాట్ల గాలి యంత్రము దినమంతయు నడచినను 0.6 యూనిట్లు, నెలకు 18 యూనిట్లు అగును. మోటారు గంటకు పావుగంటయే నడచినచో నెలకు 7, 8 యూనిట్లతో సరిపోవును. తొట్టిలోని నీటిలో దినమునకు నూటికి 1 నుండి 3 పాళ్ళు మాత్రమే ఆవిరియై, మొక్కలు త్రాగి, తరుగును. ఆ మేరకు పోసిన చాలును. నీటి పొదుపే ఈ పద్ధతుల ముఖ్యలాభము.

చదరపు మీటరు మడి ఒక కుటుంబమునకు వారమున రెండుమూడు పూటల ఆకుకూర, అప్పుడప్పుడు చేపలకూర ఇవ్వగలదు. అంతకుమించి ఆశ చూపువారి మాటలు నమ్మరాదు. వ్యాపారమునకై చేయదలచినవారు ముందుగా కొనుగోలుదారుని నిశ్చయించుకొని, ఒక వేసవిని తమ చేతిమీదుగా గడిపి చూచి, పిమ్మటనే పెట్టుబడి సంగతి ఆలోచింపవలెను. అమ్మువాని లెక్కలో వేసవి ఉండదు, కరెంటు కోత ఉండదు, చచ్చిన చేప ఉండదు.

గ్రామోద్యోగులకు

గ్రామ వ్యవసాయ సహాయకులు, పాఠశాలల ఉపాధ్యాయులు తమ ఆవరణలో రెండు బకెట్లు పెట్టి చూపినచో గ్రామస్థులకు నోటిమాటకంటె ఎక్కువ నమ్మకము కలుగును. ఒక బకెట్టును సరిగా నడిపి, ప్రక్కదానిని కావలెనని అంచువరకు నింపుచు వచ్చిన, గాలి లేని వేరు ఏమగునో పిల్లలు కూడ గ్రహింతురు. తీరగ్రామములలో వాననీటి నిలువను, ఈ బకెట్లను జతపరచి ప్రచారము చేయవలెను. ఖాళీ పురుగుమందు డబ్బాలు ఈ పనికి పోకుండ చూచుట, నిషిద్ధ చేపపిల్లలు గ్రామమునకు రాకుండ చూచుట కూడ వారి బాధ్యతయే.

చౌడునేలలో కాపురమున్న ఇల్లాలు తన వాకిటి బకెట్టు నుండి గుప్పెడు బచ్చలి కోసి పప్పులో వేసికొనగలిగినచో ఈ పద్ధతి సార్థకమైనట్లే. అందుకు కావలసినది ఒక బకెట్టు, రెండు సీసాలు, దినమునకు అయిదు నిమిషముల దృష్టి. నేల లేని సోదరసోదరీమణులు రాబోవు కార్తీకమున ఒక్క బకెట్టుతో ప్రారంభించి, ఫలితమును తమ కన్నులతో చూచిన పిమ్మట ముందడుగు వేయుదురుగాక.